అంచును తినే బొంత

శీతకూట రాజ్యంలో పాలు తాగే పసివాళ్ళు తప్ప తక్కిన వారందరూ నమ్మే మాట ఒకటుంది: కరభాంబ బొంతకు ఆకలి ఉంది, అది ఏటా తన అంచులో ఒక మూర తినేస్తుంది.

ఈ నమ్మకానికి సాక్ష్యం లేదని ఎవరూ అనలేరు. గడచిన ఐదేళ్ళలో ఐదుగురు కుట్టుపనివాళ్ళు ఆ బొంతను నిండు సభలో తాడుతో కొలిచారు. ఆ తాడు పొడవుకు సరిగ్గా అంచుపట్టీని నిండు సభలోనే కత్తిరించారు. కుట్టుకుంటూ నాలుగో మూల దాటేసరికి ఐదుసార్లూ పట్టీ మూరెడు తక్కువై, చివర బొంత బోసిగా మిగిలిపోయింది. ఐదుసార్లూ రాజగురువు ధూమకేతనుడు దండం పైకెత్తి "బొంత ఇంకా ఆకలితోనే ఉంది" అన్నాడు. సూర్యుడు పడమటి శిఖరాన్ని తాకగానే ఆ కుట్టుపనివాణ్ణి సభామండపం వెనుక ఉన్న బలిశిల మీదికి నడిపించి, కాలనాలుక లోయలోకి తోసేశారు.

బొంతను కళ్ళారా చూసినవారికి ఈ మాట నమ్మబుద్ధి కాకూడదు. మంచుతుఫానులో చిక్కుకున్న తన సైనికుల చిరిగిన ఉత్తరీయాలను ఏరి, వెయ్యిన్ని ఎనిమిది పీలికలుగా కోసి, రాజ్యస్థాపకురాలు కరభాంబ స్వహస్తాలతో కుట్టిన బొంత అది. నడుమ పగడపు ఎరుపులో ఉదయించే సూర్యుడు. చుట్టూ నెమలి మెడ నీలిమలో ఏడు పర్వతశ్రేణులు. ఆ పర్వతాల నడుమ వెండిజరీ వాగులు. వాగుల ఒడ్డున గోరంతలేసి లేళ్ళు, నీళ్ళు తాగుతూ తాగుతూ ఏదో అలికిడికి తలలెత్తినట్లు. చలికి వణికే మనుషుల కోసం కుట్టిన ఆ వస్త్రం మనుషులనే తింటుందంటే ఆశ్చర్యపడవలసిన ప్రజలు, ఆశ్చర్యపడటం మాని భయపడటం నేర్చుకున్నారు.

శీతకాలపు తొలినాడు బొంతకు పాత అంచు విప్పి కొత్త అంచు వేయాలి. ఆ రాత్రి రాజు దానిని కప్పుకుంటే ఆ ఏడు మంచు ఊళ్ళను మింగదని ఆచారం. అంచుపట్టీ ఏకఖండంగా ఉండాలి, అతుకు పనికిరాదు. ధూమకేతనుడు రాజగురువైన ఏడు ఈ ఆచారానికి రెండు మెరుగులు దిద్దాడు. బొంతను కొలిచిన ముప్పేట జనుపతాడును నీలగుండం అనే కొలను నీటిలో ముంచి శుద్ధి చేయాలి. పట్టీ కత్తిరించగానే ఆ తాడును హోమగుండానికి అర్పించాలి. రెండూ చూడముచ్చటగా ఉన్నాయని సభ మెచ్చుకుంది.

"కుట్టు చాలకపోతే మనిషిని చంపుతారా?" అని నిలదీసినవాడు ఒక్కడే, యువరాజు జయంధరుడు. తండ్రి మేరుధ్వజ మహారాజు అతణ్ణి దేశం నుంచి వెళ్ళగొట్టాడు.

ఆరో ఏడు ఆ పని కొమ్మన అనే కుట్టుపనివాడి మీద పడింది.

కొమ్మన అక్క నాగసాని పిడుగుకనుమ దగ్గర సరిహద్దు సేనకు డేరాలు కుడుతుంది. ఇరవై ఏళ్ళుగా దబ్బనం పట్టి ఆమె వేళ్ళు కొయ్యముక్కల్లా గట్టిపడ్డాయి. కబురు అందేసరికి ఆమె ఒక డేరాకు పైకప్పు కుడుతూ ఉంది. దారం కొరికి, దబ్బనం కొప్పులో గుచ్చుకుని, అప్పటికప్పుడు బయలుదేరింది. మరునాటి సూర్యాస్తమయానికి తమ్ముడు లోయలో ఉంటాడు. కోట మాత్రం రెండు రోజుల దూరంలో ఉంది.

"కాలనాలుక మీది తాళ్ళవంతెన దాటితే రేపు మధ్యాహ్నానికల్లా కోటలో ఉంటాం, అక్కా," అన్నాడు కంచరగాడిద మీద ఉప్పు బస్తాలు వేసుకుని అటే పోతున్న ఒక బేహారి. "కాకపోతే అక్కడ రాజగురువుగారి నల్లదుప్పటి భటులు కాపలా ఉంటారు."

"దారి నువ్వు చూపించు. భయపడే పనేదైనా ఉంటే ఇద్దరి వంతూ నేను చేస్తాలే."

నడుస్తూనే ఆమె సుద్దముక్కతో ఉప్పు బస్తా మీద గీతలు గీయసాగింది. బొంత కొలతలు ఆ రాజ్యంలో ఎవరికి తెలియవు? పొడుగు ఏడు మూరలు, వెడల్పు ఆరు.

"రెండు పొడుగులు పద్నాలుగు, రెండు వెడల్పులు పన్నెండు. వెరసి ఇరవై ఆరు. అంతేనా?"

"అంతే కదా?" అన్నాడు బేహారి.

"అంతే అనుకుంటే ఆ బస్తాకు కూడా అంచు వెయ్యలేవు. మూల తిరిగేచోట పట్టీ మడత పడాలి. మడతకు బెత్తెడు. నాలుగు మూలలకు నాలుగు బెత్తెలు, అంటే పదహారు వేళ్ళు. మొదలూ చివరా కలిసేచోట ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. దానికి జానెడు, అంటే పన్నెండు వేళ్ళు. మొత్తం ఇరవై ఎనిమిది. మూరకు ఇరవై నాలుగు వేళ్ళు కదా? ఇరవై ఏడు మూరల బెత్తెడు ఉంటే గాని ఆ బొంతకు అంచు పడదు!" ఆమె ఆగిపోయింది. ముఖంలో కబురు విన్నాక మొదటిసారి రక్తం కనిపించింది. "వాళ్ళు ఇరవై ఆరే కోశారయ్యా! మూలల సంగతి మరిచిపోయారు. మూరెడు తగ్గక ఏమవుతుంది? ఈ ముక్క కొమ్మన చెవిలో వేస్తే చాలు."

వంతెన మొదటికి చేరేసరికి కొండల మీద మబ్బులు కాటుకకుండలు పగిలినట్లు ఒలికిపోయాయి. వాన దంచి కొట్టింది. బేహారి కంచరగాడిదను ఒక రాతిమేకుకు బిగించి కట్టి, వంతెన చూసి రావడానికి పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి నాగసాని ఆ పలుపు ముడి విప్పి, రెండు మూరలు వదులు చేసి, మళ్ళీ కడుతూ ఉంది. అప్పటికే తాడు బిగుసుకుని జంతువు గుడ్లు తేలవేసింది.

"నువ్వు ఉప్పమ్మేవాడివి కావు," అంది ఆమె తల తిప్పకుండానే. "వాన మొదలయ్యాక గొడ్డును అలా బిగించి కట్టే బేహారి ఎక్కడా ఉండడు. మా డేరాల దగ్గరైతే చినుకు పడగానే తాళ్ళన్నీ సడలిస్తాం. లేదంటే తెల్లారేసరికి మేకులు పీక్కొచ్చేస్తాయి. ఎవరు నువ్వు?"

అతడు తలపాగా తీసి పిండుకున్నాడు. "కుట్టు చాలకపోతే మనిషిని చంపుతారా అని అడిగినవాణ్ణి."

నాగసాని ముడి పూర్తిచేసి అతని వైపు తిరిగింది. "దండాలు, యువరాజా. మీకు గాడిదను కట్టడం ఎవరూ నేర్పలేదా?"

జవాబు చెప్పే వ్యవధి లేకపోయింది. వెనుక మలుపులో నల్లదుప్పట్లు కనిపించాయి. జయంధరుడు జంతువును అడవిలోకి అదిలించి, దాని పలుపును తన నడుముకూ ఆమె నడుముకూ చుట్టి ముడివేశాడు. ఇద్దరూ వంతెన మీదికి దూకారు. కింద నూరు నిలువుల లోతున కాలనాలుక నది నురగలు కక్కుతూ బుసకొడుతోంది. బాణమొకటి ఆమె కొప్పును ఒరుసుకుంటూ పోయింది. సగం దూరం దాటగానే వెనుకనుంచి కొయ్య మూలిగిన చప్పుడు వినిపించింది. తడిసి బిగుసుకుపోయిన వంతెన తాళ్ళు గట్టున ఉన్న మేకును లాగేస్తున్నాయి.

"వదులు చెయ్యలేదు సన్నాసులు!" అని అరిచింది నాగసాని.

మేకు ఊడింది. వంతెన ఒక పక్కకు తిరగబడింది. యువరాజు జారి శూన్యంలో వేలాడాడు. ఆమె పళ్ళు బిగించి, రెండు చేతులా తాడు పట్టుకుని, డేరాకు నడిమి గుంజను లేపినట్లు అతణ్ణి పైకి లాగింది. ఇద్దరూ అవతలి గట్టున పడగానే రెండో మేకూ ఊడి, వంతెన మొత్తం వెంట వచ్చిన భటులతో సహా ఆ గట్టు కొండకే కొట్టుకుని వేలాడింది.

మరునాటి మధ్యాహ్నం శీతకూట సభామండపం కిక్కిరిసిపోయింది. పద్దెనిమిది పాలరాతి స్తంభాలు. స్తంభస్తంభానికీ మంచుచిరుతల తోళ్ళు. పడమటి ద్వారం బార్లా తెరిచి, ఆవల బలిశిల, దాని ఆవల ఖాళీ ఆకాశం. తూర్పు వేదిక మీద బొంత పరిచి ఉంది. సింహాసనం మీద మేరుధ్వజుడు ఐదేళ్ళలో పదిహేనేళ్ళు ముసలివాడైనట్లు కూర్చుని ఉన్నాడు. నీలగుండం నీళ్ళు మోసే స్త్రీలు మేలిముసుగులతో బారులు తీరారు. వారిలో చివరి ముసుగు నాగసానిది. ఆమె వెనుక కావడి దించి నిలబడిన గొంగడిముసుగు మనిషి జయంధరుడు. ఎండకు ఆరిన గాడిద పలుపు, అదీ ముప్పేట జనుపతాడే, అతని నడుముకు చుట్టి ఉంది.

కొమ్మన వేదిక చుట్టూ వంగి నడుస్తూ బొంత అంచు వెంబడి తాడు పరుస్తున్నాడు. అతని పనిలో తొట్రుపాటు లేదు. నాగసాని బిందెతో అతని పక్కకు జరిగింది.

"కొమ్మా, నేనేరా. తల ఎత్తకు. మూలలకు బెత్తెడేసి వదిలావా?"

అతని వేళ్ళు ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలాయి. "నాలుగు మూలలకూ వదిలాను. కలుపుకు జానెడు కూడా. ఇరవై ఏడు మూరల బెత్తెడు దగ్గర ముడి వేశాను. నాకు పని నేర్పింది నువ్వేగా, అక్కా?"

"మరి నీకు ముందువాళ్ళు?"

"పోయినేడు వీరభోగయ్య తాత కొలుస్తుంటే తాడు పట్టింది నేనే. ఆయనా అంతే వదిలాడు." కొమ్మన తాడును సవరించాడు. "లెక్క సరిపోతుందే అక్కా. గుడ్డే చాలదు. నిజంగానే తింటుందేమో. నువ్వెళ్ళిపో."

నిన్నటినుంచి ఆమె మోసుకొచ్చిన జవాబు ఆ ఒక్క మాటతో చెల్లకుండా పోయింది. మూలలు మరిచిపోవడానికి వాళ్ళు మొదటిరోజు పనివాళ్ళు కారు. ఆ సంగతి తనకు ముందే తట్టవలసింది.

"శుద్ధి!" అని ధూమకేతనుడి కంఠం మోగింది. నల్లని పొడవాటి మనిషి. గడ్డం కొసలకు చిన్న చిన్న ఎముకలు కట్టుకున్నాడు. ఏటా అంచు తగ్గుతుందని అతనికి తెలుసు. ఎందుకు తగ్గుతుందో అతనికీ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు.

తాడును ఇత్తడి పళ్ళెంలో చుట్టగా పెట్టారు. నీళ్ళు పోయవలసిన వంతు చివరి ముసుగుది. నాగసాని పోసింది. ఆచారం ప్రకారం ఆ చుట్టను తన చేతులతోనే ముంచి, పిండి, పైకి తీసింది. తీసేసరికి వేళ్ళ కింద తాడు బిర్రుగా, లావుగా, మొండిగా మారి ఉంది. ఆ బిర్రుతనం ఆమె వేళ్ళకు కొత్తది కాదు. ఇరవై వానాకాలాల పాటు పరుగెత్తి పరుగెత్తి సడలించింది దానినే.

ఇంతలో తాడును ఎర్రపట్టీ పక్కన చాచారు. కత్తెర పడింది. ఒక భటుడు తాడును చుట్టి హోమగుండం మీదికి ఎత్తాడు.

"ఆగండి!"

ముసుగు గాలికి ఎగిరిపోయింది. నాగసాని ఒక్క గెంతులో గుండాన్ని దాటి తాడు లాక్కుంది. చీర చెంగుకు నిప్పంటుకుంటే అరచేతితో నలిపేసింది. రెండు ఈటెలు ఆమె కోసం దూసుకొచ్చాయి. ఒకదాన్ని కావడిబద్ద తిప్పికొట్టింది, రెండోది స్తంభానికి గుచ్చుకుంది. ఎవరు తిప్పికొట్టారో సభ చూసేలోపలే ఆమె వేదిక ఎక్కి, కాలుతున్న చేతితోనే తాడును బొంత చుట్టూ పరిచేసింది.

మూలమూలకూ బెత్తెడు వదులుతూ ఒక మూల, రెండు, మూడు, నాలుగు. ఇందాక చుట్టూ తిరిగి, కలుపుకు జానెడు మిగిలిన తాడు ఇప్పుడు మొదలును అందుకోనే లేదు.

"చూడండి! మూరకు పైగా తగ్గింది! తప్పు గుడ్డది కాదు, మా తమ్ముడిది కాదు. తాడే పొట్టిదయింది!"

ధూమకేతనుడు మెల్లగా నవ్వాడు.

"ఇన్నాళ్ళూ గుడ్డనే తింటున్నదనుకున్నాం. కరభాంబ తల్లి తాడును సైతం తింటున్నది! మహారాజా, ఆకలి పెరిగింది. ఈసారి ఇద్దరు కావాలి."

జనమంతా సాగిలపడ్డారు. నాగసాని చూపించిన సాక్ష్యమే ఆమె మెడకు ఉరి అయింది. భటులు కొమ్మనను పడమటి ద్వారం వైపు ఈడ్చుకుపోతున్నారు. సూర్యుడు శిఖరానికి జానెడు ఎత్తున ఉన్నాడు.

ఆమె రాజు పాదాల ముందు పడలేదు, నిలబడే అడిగింది. "మహారాజా, ఒక్క వరం. ఈ బొంత మొహం ఎరుగని తాడు ఒకటి మీ చేత్తోనే కొలిచి, తడిపించి, మళ్ళీ కొలవండి. ఆ తాడు కూడా తగ్గితే దాన్ని తిన్నదెవరో మీరే చెప్పండి. తగ్గకపోతే లోయలోకి నా కాళ్ళతో నేనే నడుస్తాను."

"అలాంటి తాడు ఇక్కడ ఎక్కడుంది?" అన్నాడు రాజు నీరసంగా.

"నా దగ్గరుంది, నాన్నగారూ."

గొంగడి జారింది. సభలో హాహాకారం చెలరేగింది. ధూమకేతనుడు దండం నేలకు తాటించగానే పదిమంది నల్లదుప్పట్లు కత్తులు దూశారు. జయంధరుడు పలుపు విప్పి తండ్రి ఒడిలోకి విసిరి, కావడిబద్ద చేతబట్టి సింహాసనం మెట్టు మీద నిలిచాడు. మొదటివాడి కత్తి బద్దకు తగిలి ఎగిరింది. రెండోవాడు మెట్ల మీదనుంచి దొర్లాడు. మూడోవాడు ఆలోచనలో పడ్డాడు.

మేరుధ్వజుడు కొడుకును చూశాడు. ఒడిలోని తాడును చూశాడు. తరువాత, ఐదేళ్ళలో మొదటిసారి, తన చేతితో తాను ఒక పని చేశాడు. మోచేతి నుంచి నడిమివేలి కొస వరకూ పెట్టి, తాడును మూర మూరగా కొలిచాడు.

"పదమూడు," అన్నాడు.

నాగసాని బిందెలో మిగిలిన నీళ్ళన్నీ దాని మీద గుమ్మరించింది. "ఓర్చుకోండి, తడి లోపలి పేటకు దిగాలి." నాలుగో భటుడి కత్తి యువరాజు భుజాన్ని చీరింది. పడమటి ద్వారం దగ్గర కొమ్మన కాళ్ళు తన్నుకుంటున్నాడు. సూర్యుడు బెత్తెడు ఎత్తుకు దిగాడు. "ఇప్పుడు కొలవండి."

రాజు కొలిచాడు. పన్నెండు దగ్గర అతని చెయ్యి ఆగింది. మిగిలిన కొసను వేళ్ళు చాచి చూశాడు. మూర లేదు, జానే ఉంది. నమ్మలేక మళ్ళీ మొదటినుంచి కొలిచాడు. రెండోసారీ జానే మిగిలింది.

"నలభై అడుగుల దూరంలో ఉంది బొంత," అంది నాగసాని. "దీని జోలికి రాలేదు."

ధూమకేతనుడు ఇక మాటలు వృథా చేయలేదు. అతడు విసిరిన గుళిక పగిలి పచ్చని పొగ లేచింది. మండపం ద్వారాలు ఒక్కొక్కటే దడదడ మూతపడ్డాయి, పడమటిది తప్ప. "తోసెయ్యండి!" అన్న కేక పొగలోనుంచి వచ్చింది. నల్లదుప్పటి భటులు తమ కత్తులను ఈసారి రాజు కంఠానికే గురిపెట్టారు.

నాగసాని రాజు చేతిలోని తడితాడు అందుకుని పరుగెత్తింది. ఒక కొసతో చివరి స్తంభానికి డేరాముడి పడింది. రెండో కొస ఉచ్చుగా గాలిలో తిరిగి, బలిశిల అంచున తూలుతున్న కొమ్మన భుజాల మీదుగా నడుముకు దిగి బిగుసుకుంది. అదే క్షణాన భటుడి మోకాలు అతణ్ణి తోసింది. తాడు ఝల్లుమంది. స్తంభం తట్టుకుంది. శిల కిందనుంచి ఒక బలహీనమైన గొంతు "అక్కా" అంది.

"చేతులు తాడు మీదే ఉంచు! కిందికి చూడకు!"

ఆమె రెండు కాళ్ళూ శిలకు తన్నిపెట్టి లాగుతోంది. నెత్తురోడే భుజంతో జయంధరుడు పొగను చీల్చుకుంటూ ఆమె వైపు వస్తున్నాడు. అతని వెనుక ఆరు కత్తులు వస్తున్నాయి. సాగిలపడిన జనం తలలెత్తి, ఎటు చూడాలో తెలియక సింహాసనం వైపు చూశారు. అక్కడ కంఠం మీద కత్తి మొన ఉన్న ముసలి రాజు లేచి నిలబడ్డాడు. మొదట ఐదు పేర్లు పలికాడు. లోయలోకి పోయిన ఐదుగురి పేర్లూ ఒక్కటీ తప్పకుండా, వీరభోగయ్యతో ముగించి. తరువాత లెక్క చెప్పాడు.

"పదమూడు మూరల తాడుకు జాన తగ్గింది. ఇరవై ఏడు మూరల తాడుకు మూర తగ్గుతుంది. బొంత ఎన్నడూ ఏదీ తినలేదు. జనుపతాడు తడిస్తే పొట్టిదవుతుంది."

సాగిలపడి ఉన్న జనం లేచి, ఆ తాడు పట్టడానికి బలిశిల వైపు పరుగెత్తారు.